స్పెషల్ బీఎడ్‌లో ప్రవర్తన సమస్యల గురించి చదివాం సరే, క్లాసులో ఏం చెయ్యాలో ఎవరు నేర్పుతారు?

భవిత_టీచర్
ప్రకాశం జిల్లాలో ఐఈఆర్‌పీగా, అంటే మండలంలోని బడులు తిరిగి ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చెప్పే టీచర్‌గా చేస్తున్నా. స్పెషల్ బీఎడ్‌లో నా స్పెషలైజేషన్ మేధో వైకల్యం. మా మండలంలో ఒక బడిలో మూడో తరగతి బాబు ఉన్నాడు. చదువు సంగతి నేను చూసుకోగలను. కానీ పలక విసిరేస్తాడు, పక్కపిల్లల్ని కొరుకుతాడు, గేటు తీసి ఉంటే రోడ్డు మీదికి పరిగెడతాడు. నేను ఆ బడికి వెళ్లిన రోజు క్లాసు టీచర్ "మేడమ్, మీ పిల్లాడు" అని వాణ్ని నా చేతిలో పెట్టేస్తారు. మిగతా రోజులు వరండాలో కూర్చోబెడతారు.

నా బాధ ఆవిడ మీద కాదు. 'ప్రవర్తనా సవరణ పద్ధతులను వివరింపుము' అని ప్రశ్న ఇస్తే ఇప్పుడు నిద్రలో లేపినా రాసేస్తాను. టోకెన్ ఎకానమీ, టైమ్ అవుట్, షేపింగ్, చెయినింగ్, అన్నీ వచ్చు. కొరకడానికి నోరు తెరిచిన పిల్లాడి ముందు ఎక్కడ నిలబడాలి, ఏం అనాలి, ఎంతసేపు ఊరుకోవాలి అనేది మాత్రం నాకు ఎవరూ చేసి చూపించలేదు. టీచింగ్ ప్రాక్టీసులో పరిశీలకులు వచ్చే రోజు గొడవ చేసే పిల్లల్ని వేరే గదిలో ఉంచేవారు. లెసన్ ప్లాన్ బావుందా, చార్టు బావుందా, ఇవే చూశారు. ఉద్యోగంలోకి వచ్చాక దొరికిన ట్రైనింగులన్నీ ఒక్కరోజువే.

మీరంతా ఇది ఎక్కడ నేర్చుకున్నారు? నిజంగా అడుగుతున్నా.

పలకాబలపం
నేర్చుకోలేదు, అలవాటు పడ్డాం. రెండూ ఒకటి కాదు.

పాతబడి_హెచ్ఎం
రిటైరైన హెడ్మాస్టర్ని. మా రోజుల్లో ఇన్ని పేర్లు లేవమ్మా, అల్లరి పిల్లాడు అనేవాళ్లం, అంతే. టీచరంటే పిల్లలకి కాస్త భయం ఉండాలి. ఆ భయం పోయాకే ఈ తిప్పలన్నీ. ఇంకో మాట కూడా అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఒక్కడి కోసం మిగతా ముప్పై, నలభై మంది చదువు ఏం కావాలి? కొరికించుకున్న పిల్ల తల్లి గేటు దగ్గరికి వచ్చి నిలదీస్తే జవాబు చెప్పేది ఎవరు?

నీలిరంగు_బోర్డు
మాస్టారూ, రెండో ప్రశ్న న్యాయమైనది, దానికి మళ్లీ వస్తాను. మొదటిదానితో మాత్రం ఒప్పుకోలేను. కొట్టడం తప్పని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2009లోనే చెప్పింది. చట్టాన్ని పక్కన పెట్టినా అది పని చెయ్యదు. భవిత_టీచర్ గారి బాబునే చూడండి. గొడవ చేస్తే వరండాలోకి పంపుతున్నారు. వాడికి కావలసింది క్లాసులోంచి బయటపడటమే అయితే? మనం శిక్ష అనుకుంటున్నది వాడికి బహుమతి. రోజూ ఇస్తున్నాం కాబట్టి రోజూ కొరుకుతాడు.

మేడమ్, మీ ప్రశ్నకి జవాబు. నేను కొంత నేర్చుకున్నది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో, అంటే మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థలో. అప్పట్లో దాని పేరు ఎన్ఐఎంహెచ్. అక్కడివాళ్లే 1992లో తెచ్చిన బేసిక్-ఎంఆర్ స్కేలు మీరు కోర్సులో చూసే ఉంటారు. పార్ట్ ఎ నైపుణ్యాలది, దాన్ని అందరూ నింపుతారు. పార్ట్ బి సమస్యాత్మక ప్రవర్తనలది. పది విభాగాలు, 75 అంశాలు: హింస, మొండి ఏడుపులు, తనని తాను గాయపరుచుకోవడం, అతి చురుకుదనం, ఎదురు తిరగడం, భయాలు, ఇలా. ఎప్పుడూ లేదంటే 0, అప్పుడప్పుడూ అయితే 1, తరచూ అయితే 2. చాలామంది పార్ట్ బి నింపి ఫైల్లో పెట్టేస్తారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. అందులోంచి ఒక్క ప్రవర్తన తీసుకుని, దానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం అని రాయాలి. అదే ఏబీసీ రికార్డు.

భవిత_టీచర్
ఏబీసీ గురించి చదివాను సార్. రికార్డు బుక్కులో ఊహించి రాశాం కూడా, మార్కులు కూడా వేశారు. నిజమైన పిల్లాడి మీద ఎప్పుడూ రాయలేదు.

ఓరుగల్లు_ఎస్జీటీ
నేను మామూలు క్లాస్ టీచర్ని. మా దిక్కు గూడ గిదే కథ. ఐఈఆర్‌పీ సార్ వారంల ఒక్కపారో రెండుపార్లో వస్తడు. మిగిలిన దినాలు ఆ పిల్లగానితోని ఉండేది నేనే గద. ట్రైనింగు అంతా వాళ్లకిచ్చి, మాకు కాంప్లెక్స్ మీటింగుల, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లంత కూడే కాడ, అర్ధగంట స్లైడ్లు సూపిచ్చి పంపిస్తరు. స్పెషల్ టీచర్లను తయారు చేసుడంటే మమ్ముల గూడ కలిపి తయారు చేసుడే. ఆయన వచ్చిన దినం ఒక తీరు, నేనున్నప్పుడు ఇంకో తీరు అయితే పిల్లగాడు ఎవ్వరి మాట వినాలె?

మాస్టారు అడిగిన దాంట్ల నిజం ఉంది. మా తరగతిల ఒక ఆడపిల్ల భయపడి బడికి రానన్నది. ఆ పిల్లది గూడ హక్కే గద.

బుజ్జిగాడి_అమ్మ
నేను టీచర్ని కాదు, తల్లిని. మా బాబుకి ఏడీహెచ్‌డీ, అంటే కుదురు, ఏకాగ్రత ఉండవు. వాడు చదివిన మొదటి ప్రైవేటు స్కూలు నుంచి రోజూ ఫోనే. పెంపకం లోపం అన్నారు, సెల్‌ఫోన్ ఎక్కువ ఇస్తున్నారన్నారు. ఒకరోజు ముందుగా వెళ్లేసరికి వాణ్ని కుర్చీకి చున్నీతో కట్టేసి ఉంచారు. ఆ చున్నీ ముడి విప్పింది నేనే. ఇప్పటికీ తల్చుకుంటే చేతులు వణుకుతాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది. ఏడీహెచ్‌డీ పేరు లేదు. తోడుగా ఇంకోటి ఉంటేనే సర్టిఫికెట్. సర్టిఫికెట్ లేకపోతే బడి లెక్కలో మా బాబు ప్రత్యేక అవసరాల పిల్లాడే కాదు, ఉత్త అల్లరివాడు.

రెండో స్కూల్లో ఒక స్పెషల్ టీచర్ దొరికింది. ఆవిడ చేసింది చిన్న పనే. ఒక నోట్‌బుక్ పెట్టి, రోజూ వాడు బాగా చేసిన ఒక్క విషయం రాసి పంపేది. పిల్లాడి గురించి మంచి మాట రాసిన కాగితం అదే మొదటిసారి చూడటం.

పలకాబలపం
అమ్మా, ఆ చున్నీ సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. అలా కట్టెయ్యడం ఏ పద్ధతీ కాదు, నేరం. ఎక్కడైనా అలా కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

టెక్సస్_టీచరమ్మ
డాలస్ దగ్గర పబ్లిక్ స్కూల్లో స్పెషల్ ఎడ్ చెప్తున్నా, అంతకుముందు హైదరాబాద్‌లో. వైకల్యమున్న పిల్లల చదువుకి ఇక్కడున్న ఐడీఈఏ చట్టంలో 13 విభాగాలుంటే అందులో ఒకటి 'ఎమోషనల్ డిస్టర్బెన్స్'. అంటే ప్రవర్తన, భావోద్వేగాల సమస్య ఒక్కటే ఉన్నా పిల్లాడికి ఐఈపీ, అంటే వాడి ఒక్కడి కోసం రాసిన చదువు ప్లాన్, వస్తుంది. మన ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) స్పెషల్ బీఎడ్‌లో దీనికి విడిగా స్పెషలైజేషనే లేదు. మేధో వైకల్యం, ఆటిజం, అభ్యసన వైకల్యం, వినికిడి, చూపు, బహుళ వైకల్యాలు... ఈ పిల్లలు వాటి మధ్య సందుల్లో జారిపోతారు.

ఇంకోటి, ఇక్కడ గొడవ చేశాడని పిల్లాణ్ని ఇష్టమొచ్చినన్ని రోజులు ఇంటికి పంపడానికి లేదు. వరసగా 10 బడి రోజులు దాటినా, విద్యా సంవత్సరంలో అదే తీరులో పదేపదే పంపినవి కలిపి 10 దాటినా, ఆ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా కాదా అని మీటింగ్ పెట్టి తేల్చాలి. వైకల్యం వల్లే అయితే కారణాలు వెతికి ప్లాన్ రాయాలి.

సీమ_సారు
అమెరికాలో క్లాసుకి అసిస్టెంట్లుంటారు మేడమ్. ఈడ మా మండలానికంతా మేం ఇద్దరం. ఆ పోలిక మనకి కుదరదు.

టెక్సస్_టీచరమ్మ
సీమ_సారు గారూ, మనుషుల సంఖ్య మాట నిజమే. ఇక్కడ అంతా బాగుందనీ అనడం లేదు. ప్రవర్తన సమస్యల క్లాసుల్లో టీచర్లు నిలవరు, ఏడాది తిరక్కుండానే మారిపోతుంటారు. కాగితాల పనీ ఎక్కువే. కానీ ఒక్కటి డబ్బుతో పని లేకుండా తెచ్చుకోవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాతో గదిలో నిలబెట్టి చేయించారు. ఒకరు పిల్లాడిలా నటిస్తారు, ఇంకొకరు టీచర్.

ఉదాహరణకి కొరికినప్పుడు మనందరికీ వచ్చే మొదటి పని చెయ్యి వెనక్కి లాక్కోవడం. అలా లాగితే చర్మం చిట్లుతుంది. లాగకుండా చెయ్యిని నోటివైపే కొద్దిగా నొక్కి ఉంచితే దవడ వదులవుతుంది. జుట్టు పట్టుకుంటే వాడి చేతిని మన తలకే ఆనించి పట్టుకోవాలి, అప్పుడు లాగలేడు. ఇది చదివితే రాదు. ఒళ్లు నేర్చుకోవాలి. నేర్పేవాళ్లు పక్కన ఉండి చేయిస్తేనే చెయ్యండి, సొంతంగా ప్రయోగాలొద్దు.

భవిత_టీచర్
చదివాక నా ముంజేయి మీద మచ్చలు చూసుకున్నాను. అన్నీ లాక్కున్నవే.

సీమ_సారు
సరే, ఇది ఒప్పుకుంటా. దీనికి బడ్జెట్ యాడా అక్కర్లేదు. ఒక చాప, ఇద్దరు టీచర్లు చాలు. పిల్లాడిలా నటించడానికి మా ఎమ్మార్సీలో (మండల రిసోర్స్ సెంటర్) పోటీ పడతారు, కొరకడానికి పాత కక్షలున్న వాళ్లు కూడా ఉన్నారు 😀

మనసుడాక్టర్
క్లినికల్ సైకాలజిస్టుని. ఏబీసీ మొదలుపెట్టే ముందు ఒకటి చూడండి. మాటలు సరిగా రాని పిల్లాడు ఉన్నట్టుండి కొట్టడం, కొరకడం మొదలుపెడితే మొదట ఒంట్లో నొప్పి వెతకాలి. పిప్పిపన్ను, చెవిపోటు, మలబద్ధకం, నిద్ర లేకపోవడం. నా దగ్గరికి 'హింసాత్మక ప్రవర్తన' అని పంపిన పిల్లల్లో పన్ను తీయించగానే నెమ్మదించినవాళ్లున్నారు.

రెండోది మందులు. మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో చాలామందికి ఫిట్స్ ఉంటాయి. ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటోన్ కొందరు పిల్లల్లో చిరాకునీ అతి చురుకుదనాన్నీ తెస్తుంది. ఇది స్పెషల్ టీచర్‌కి తెలిసి ఉండాలి. తెలిసింది కదా అని మందు ఆపమని మాత్రం తల్లిదండ్రులకి చెప్పొద్దు, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. రాసిన డాక్టర్‌కి చీటీ పంపండి. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా పట్టి చూసే కేంద్రం ఉంటే అక్కడికి పంపండి. కన్నవాళ్లు మరీ కుంగిపోయి ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు.

భవిత_టీచర్
మళ్లీ వచ్చాను. అడిగితే వాళ్లమ్మ చెప్పింది, ఫిట్స్ లేవు, మందులు లేవు, పన్ను కూడా చూపించాం. తర్వాత ఏబీసీ రాశాను. నేను లేని రోజుల్లో క్లాసు టీచర్‌నే రాయమని బతిమాలాను. నాలుగు గీతలు గీసిన కాగితం బల్లకి అంటించి ఇచ్చా. ఆవిడ ఓపిగ్గా రాశారు, ఆ గొప్ప ఆవిడదే.

కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకే ఆశ్చర్యం. ఆటల పీరియడ్లో ఒక్క గొడవ లేదు. మధ్యాహ్న భోజనం దగ్గర లేదు. కథ చెప్పేటప్పుడు లేదు. గొడవలు దాదాపు అన్నీ బోర్డు మీదది నోట్సులో రాసుకోమన్న కాసేపటికే. పలక విసరడం మొదట, దాన్ని పట్టించుకోకపోతే కొరకడం. వెంటనే వరండా.

నీలిరంగు_బోర్డు
చూశారా! వాడు కొరకడం లేదు మేడమ్, 'ఇది నా వల్ల కాదు, నన్ను వదిలెయ్యండి' అంటున్నాడు. మాట లేదు కాబట్టి పంటితో అంటున్నాడు.

ఇప్పుడు అదే మాట చెప్పడానికి వాడికి వేరే దారి నేర్పాలి. కార్ అనే ఆయన, డ్యురాండ్ అనే ఆయన 1985లోనే దీనిమీద పరిశోధన ప్రచురించారు. గొడవ ఏ పని సాధించి పెడుతోందో అదే పని సాధించి పెట్టే మాటో, సైగో, కార్డో నేర్పితే గొడవ తగ్గుతుందని. అరచేతిలో పట్టే అట్టముక్క మీద చెయ్యి ఎత్తిన బొమ్మ గీయండి. రాత మొదలయ్యే ముందే, వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడే, చెయ్యి పట్టుకుని కార్డు ఇప్పించండి. ఇచ్చిన క్షణంలో నోట్సు తీసేసి రెండు నిమిషాలు వదిలెయ్యండి. మొదట్లో ప్రతిసారీ.

రాత పని కూడా మార్చాలి. మూడో తరగతి బోర్డు మొత్తం వాడి చేత రాయించడం న్యాయం కాదు. చుక్కలు కలిపే రెండు అక్షరాలు చాలు.

పాతబడి_హెచ్ఎం
అడిగినప్పుడల్లా సెలవిస్తే వాడికి అదే అలవాటైపోదా? రేపు మిగతా పిల్లలందరూ కార్డులు పట్టుకుంటారు.

నీలిరంగు_బోర్డు
మంచి ప్రశ్న మాస్టారూ. ఇప్పుడు మాత్రం వాడికి సెలవు దొరకడం లేదా? కొరికి తీసుకుంటున్నాడు, రోజంతా. కార్డుతో అడిగితే రెండు నిమిషాలే. పైగా ఎవరికీ దెబ్బ తగలదు. కార్డు బాగా అలవాటయ్యాక 'ఒక్క అక్షరం రాశాక కార్డు' అంటాం, తర్వాత రెండు. మెల్లగా పెంచుతాం. మిగతా పిల్లలు అడిగితే నిజం చెప్పండి. కళ్లజోడు అవసరమైనవాడికి కళ్లజోడు ఇచ్చాం, వీడికి కార్డు. పిల్లలు మనకన్నా తొందరగా అర్థం చేసుకుంటారు.

ఇందాక మీరడిగిన రెండో ప్రశ్నకి కూడా ఇదే నా జవాబు. కొరికించుకునే పిల్లల్ని కాపాడాలంటే కొరకడం ఆగాలి. వరండా దాన్ని ఆపలేదు.

మనసుడాక్టర్
ఒక హెచ్చరిక. కొరికితే ఇక వరండా లేదు అన్న మొదటి రోజుల్లో గొడవ తగ్గకపోగా పెరగొచ్చు. ఇంతకాలం పనిచేసిన పద్ధతి పనిచెయ్యకపోతే గట్టిగా ప్రయత్నిస్తాడు కదా. చాలామంది టీచర్లు సరిగ్గా అప్పుడే 'పద్ధతి పనికిరాదు' అని వదిలేస్తారు. అలా వదిలితే ఇంకా గట్టిగా కొరికితే పనవుతుందని నేర్పినట్టే. ఆ రోజుల్లో పక్కన ఇంకొకరు ఉండేట్టు, పక్కపిల్లల బెంచీలు కొంచెం ఎడంగా ఉండేట్టు ముందే చూసుకోండి. ట్రైనర్లు ఈ ముక్క ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు, ప్లాన్లు ఎక్కువగా కూలేది ఇక్కడే.

బుజ్జిగాడి_అమ్మ
మా వాడికీ ఇలాంటి కార్డు ఉంది. ఇప్పుడు ఇంట్లో హోమ్‌వర్క్ తియ్యమనగానే నాకే చూపిస్తున్నాడు. నాకూ ఒకటి చేసిపెట్టరా అన్నాను, చేసి ఇచ్చాడు, రంగులు కూడా వేశాడు.

ఓరుగల్లు_ఎస్జీటీ
అక్కా, గది ఫ్రేం కట్టిచ్చి పెట్టుకో 😄

గీ చర్చల ఒకటి గమనించిన్రా? భవిత మేడమ్‌కు ఈ నాలుగు మాటల్ల దొరికింది, ఏ ట్రైనింగుల దొరకలే. ఎందుకంటే ఆమె పిల్లగాని గురించి మాట్లాడినం. ట్రైనింగుల పిల్లగాడు ఉండడు, స్లైడ్ల బొమ్మనే ఉంటది.

సీమ_సారు
అన్నా, అసలు మాట అదే. మా సంగతి కూడా చూడండి. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి సీఆర్‌ఈ పాయింట్లు, అంటే చేసిన ట్రైనింగులకిచ్చే పాయింట్లు కావాల. దానికోసం ఆన్‌లైన్ ప్రోగ్రామ్ పెట్టుకుని, ఫోన్ పక్కన పెట్టి వంట చేసుకునేవాళ్లు ఎంతమంది లేరు? పాయింట్లు వస్తాండాయి, పనితనం రావడంలే. తప్పు వాళ్లది కాదు. ఆ గంటల్లో సగం పక్క మండలం బడికి పోయి, అనుభవమున్న టీచర్ పక్కన కూర్చుని చూసేదానికి ఇస్తే అందరూ పోతారు.

పోస్టుల సంగతి సరే. సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత, స్పెషల్ టీచరుకి ప్రైమరీలో పదిమంది, అప్పర్ ప్రైమరీలో పదిహేనుమంది పిల్లలకి మించకూడదని కేంద్రం 2022లో చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకి స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్జీటీలు (ప్రైమరీ టీచర్లు). సంతోషమే. కానీ వచ్చేవాళ్లందరూ మన మాదిరే బోర్డు మీద సైకిల్ బొమ్మ చూసి వచ్చినవాళ్లయితే మొదటి వారంలోనే కిందపడతారు.

పలకాబలపం
అయితే కోర్సులో ఏం మారాలో మనమే చెబుదాం. నా లెక్కలో ఒక్కటి చాలు. బీఎడ్ రెండో ఏడాదిలో ప్రతి విద్యార్థికీ గొడవ చేసే పిల్లాణ్ని ఒకణ్ని అప్పగించాలి. దాచిపెట్టకూడదు. కనీసం ఒక టర్మ్ అంతా వాడితోనే. ఏబీసీ రాసి, ప్లాన్ వేసి, అది పనిచెయ్యకపోతే మార్చి, మళ్లీ రాయాలి. మార్కులు ప్లాన్ అందానికి కాదు, మార్చిన తీరుకి.

టెక్సస్_టీచరమ్మ
దానికి ఇంకోటి కలపండి. గైడ్ చేసే లెక్చరర్ వారానికోసారి ఆ క్లాసులో వెనక కూర్చుని చూడాలి. బయటికి వచ్చాక 'ఇక్కడ నువ్వు గొంతు పెంచావు, వాడూ పెంచాడు' అని చెప్పేవాళ్లుండాలి. నా గొంతు ఎప్పుడు పెరుగుతుందో నాకు నేనుగా ఎప్పటికీ వినపడేది కాదు.

ఓరుగల్లు_ఎస్జీటీ
క్లాస్ టీచర్ గూడ ఆ ముచ్చట్ల కూసోవాలె. లేకుంటే ప్లాన్ ఐఈఆర్‌పీ సంచిలనే ఉంటది.

పాతబడి_హెచ్ఎం
ఇంకోటి నేను చెబుతా, ఇది హెడ్మాస్టర్ల సంగతి. హెచ్ఎం ఒప్పుకోకపోతే మీ కార్డులు, కాగితాలు ఏవీ నిలవవు. ఇన్‌స్పెక్షన్ రోజు పిల్లాడు గొడవ చేస్తే మాట పడేది హెచ్ఎం. అందుకే వరండా. ట్రైనింగులకి మమ్మల్ని కూడా పిలవండి, తర్వాత ఎంఈవోగారికి మేం చెప్పుకుంటాం. భయం గురించి నా అభిప్రాయం పూర్తిగా మారలేదు గానీ, వరండా బహుమతి అన్న మాట మాత్రం పట్టుకుంది.

భవిత_టీచర్
మాస్టారూ, మా హెచ్ఎంతో మీరు ఒకసారి ఫోన్లో మాట్లాడతారా? మీ తరంవారు చెబితే వింటారు. నంబరు మెసేజ్‌లో పెడతాను.

కార్డు మొదలుపెట్టాం. మనసుడాక్టర్ గారు చెప్పినట్టే మొదట్లో గొడవ పెరిగింది, ముందే తెలుసు కాబట్టి నేనూ క్లాసు టీచర్ కూడా వదల్లేదు. ఆయమ్మ పక్కనే నిలబడింది. కొరకడం పూర్తిగా పోలేదు. నిన్న మాత్రం పలక ఎత్తి, మళ్లీ దించి, కార్డు వెతుక్కున్నాడు. కార్డు బల్ల కింద పడిపోయింది, పక్క పాప తీసి ఇచ్చింది. ఇప్పుడు దానికి దారం కట్టి మెడలో వేశాం.

వచ్చే కాంప్లెక్స్ మీటింగులో స్లైడ్ల బదులు ఈ ఒక్క బాబు కాగితాలు, పేరు తీసేసి, అందరి ముందు పెట్టి చదువుదామని మా బడుల క్లస్టర్ చూసే సీఆర్పీని అడిగాను. ఒప్పుకున్నారు. ఏబీసీ కాగితం మాదిరి ఇక్కడ పెట్టనా?

సీమ_సారు
పెట్టండి మేడమ్, మా మండలంలో కూడా వాడతాం.

మనసుడాక్టర్
పెట్టేముందు రెండు గడులు కలపండి. ఒకటి టైము. రెండోది ఆ రోజు ఉదయం తిన్నాడా, రాత్రి నిద్రపోయాడా అన్నది. వాళ్లమ్మని అడిగి బడి మొదలవగానే నింపాలి. దారం కూడా లాగితే తెగిపోయేంత పలచనిది వాడండి, ఆటల్లో మెడకి చుట్టుకోకుండా.

భవిత_టీచర్
దారం ఇవాళే మారుస్తాను. కాగితం రేపు పొద్దున పెడతా.